గుండె వార్డుల్లో ప్రొకాల్సిటోనిన్ పరీక్ష రాత్రిపూటా జరగాలి

సంపాదకులకు,

గుండెపోటు వచ్చినవారికి రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే పేదలకు ఇది ప్రాణదానమే. కానీ ఆ గండం గట్టెక్కిన రోగికి రెండో రోజో మూడో రోజో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేస్తున్నామన్నది ఎవరూ అడగడం లేదు.

పెద్ద వయసు, షుగరు, ఏళ్ల తరబడి కాల్చిన చుట్ట, మంచం దిగలేని స్థితి, వెంటిలేటరు. ఇవన్నీ న్యుమోనియాకు దారిచ్చేవే. చిక్కేమిటంటే, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అదే ఆయాసం, అదే దగ్గు, ఎక్స్‌రేలో అవే తెల్లటి మచ్చలు. గుండె కండరం దెబ్బతిన్నందుకే కొద్దిపాటి జ్వరం వస్తుంది, తెల్లకణాలు పెరుగుతాయి. ఇన్ఫెక్షన్ లేకపోయినా రెండు మూడు రోజుల్లో, ఒంట్లో వాపును తెలిపే రక్తపరీక్ష సీఆర్‌పీ బాగా పెరుగుతుంది. వైద్యం మాత్రం దేనిది దానిదే. న్యుమోనియా అనుకుని సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే నీరసించిన గుండెకు భారం. నీరే కదా అని ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్‌తో సరిపెడితే లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఎందుకైనా మంచిదని యాంటీబయాటిక్ మొదలుపెడదామంటే, అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి కొందరిలో గుండె లయనే తప్పిస్తాయి.

ఈ సందిగ్ధంలో వైద్యులకు పనికొచ్చేది ప్రొకాల్సిటోనిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష. బాక్టీరియా ఇన్ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే ఇది రక్తంలో పెరుగుతుంది, మందు పనిచేస్తే రోజుకు దాదాపు సగం చొప్పున దిగుతుంది. మిల్లీలీటరుకు 0.25 నానోగ్రాముల లోపుంటే బాక్టీరియా న్యుమోనియా అవకాశం తక్కువ. 0.5 దాటితే గట్టిగా అనుమానించాలి. గుండె మీది ఒత్తిడిని చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని కూడా దీనితో కలిపి చూస్తే వైద్యుడికి దారి చాలావరకు తేటపడుతుంది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో యాంటీబయాటిక్ నిర్ణయానికి ఈ పరీక్షను వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే అనుమతిచ్చింది. దీనికీ హద్దులున్నాయి. షాక్‌లోకి వెళ్లినవారిలో, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇన్ఫెక్షన్ లేకుండానే పెరగవచ్చు. క్షయను ఇది పట్టివ్వదు. కాబట్టి ఒక్క ఫలితంతో తేల్చకుండా మర్నాడు మళ్లీ చూడాలి, కళ్లెలో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్ష మానకూడదు.

మా బావగారు నగరంలోని ఒక ఆసుపత్రిలో గుండెపోటుతో చేరినప్పుడు, ఈ పరీక్ష బయట చేయించుకు రమ్మని రాత్రి చీటీ రాసిచ్చారు. తెరిచి ఉన్న ల్యాబ్ కోసం మా మేనల్లుడు ఊరంతా తిరిగాడు. రిపోర్టు చేతికొచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం. అప్పటికే రెండు రకాల యాంటీబయాటిక్‌లు ఎక్కుతున్నాయి. ప్రొకాల్సిటోనిన్ చూస్తే 0.1 కూడా లేదు! మేము ఊళ్లోవాళ్లం కనుక తిరగగలిగాం. అరకు నుంచి వచ్చిన ఆడమనిషి ఆ చీటీ పట్టుకుని అర్ధరాత్రి ఎవరిని అడుగుతుంది?

ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాడిగా చెబుతున్నాను, ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. థైరాయిడ్, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్షలు చేసే యంత్రాల్లో చాలావాటి మీద ఇదీ చేయవచ్చు. కావలసింది కిట్లు, రాత్రి డ్యూటీకి ఒక టెక్నీషియను. నగరంలోని పెద్దాసుపత్రులు కేజీహెచ్, విమ్స్‌లతో పాటు గుండె రోగులను చేర్చుకునే ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్ష ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా జరగాలి, ఫలితం రెండు మూడు గంటల్లో వార్డుకు చేరాలి. జిల్లా కలెక్టరు గారూ, ఆసుపత్రుల అభివృద్ధి సంఘాల సభ్యులూ వచ్చే సమావేశంలోనే కిట్ల కొనుగోలుకు నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, మర్రిపాలెం, విశాఖపట్నం