పచ్చ నంబర్ ప్లేటు సరే, ఖాళీ సీట్ల మాటేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ అని 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించినప్పుడు చాలా సంతోషపడ్డాను. కేంద్రం 2019లోనే వీటి మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. మంచి పనే, రోడ్డు మీద పొగ తగ్గుతుంది. కానీ పొద్దున్నే గచ్చిబౌలి వైపు వెళ్లే కార్లలోకి ఒకసారి తొంగి చూడండి. మొన్న సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా చుట్టూ ఉన్నవి లెక్కపెట్టాను. పదకొండు కార్లుంటే తొమ్మిదింట్లో నడిపేవాళ్లు తప్ప మరో మనిషి లేరు. వాటిలో రెండింటివి పచ్చ ప్లేట్లు, అంటే ఎలక్ట్రిక్ కార్లు. ఒకదాంట్లో పక్క సీట్లో లంచ్ బ్యాగు, వెనక అంతా ఖాళీ. పెట్రోలు కారుకి ఎంత జాగా కావాలో దీనికీ అంతే కావాలి కదా! పైగా మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది.

మేం నలుగురం ఎల్బీనగర్ నుంచి రెండేళ్లుగా ఒకే కారులో ఆఫీసుకి వెళ్లేవాళ్లం, వారానికొకరి కారు, ఖర్చు నలుగురిదీ, ఎవరికీ రూపాయి లాభం లేదు. ఒకరోజు తనిఖీలో ఆపి, సొంత బండిలో డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటున్నారా అని పావుగంట నిలబెట్టారు. ఐడీ కార్డులు చూపిస్తే వదిలారు గానీ, ఆ టెన్షన్ పడలేక మాలో ఒకామె మర్నాటి నుంచి తన కారు తనే తీస్తోంది.

2020లో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ (యాప్ ద్వారా ప్రయాణాలు కుదిర్చే కంపెనీల) మార్గదర్శకాల్లో సొంత కార్లలో పూలింగ్‌కి, అంటే ఒకే కారులో కలిసి వెళ్లడానికి చోటిచ్చారు, ఊళ్లో అయితే రోజుకి నాలుగు ట్రిప్పులు, ఊరు దాటితే వారానికి రెండు. అదీ యాప్ ద్వారా, రాష్ట్రం వద్దనకపోతేనే. యాప్ లేకుండా, తెలిసినవాళ్లతో ఖర్చు పంచుకుని వెళ్లే మాలాంటి వాళ్ల సంగతేంటి? జకార్తాలో 1992 నుంచి రద్దీ వేళల్లో కొన్ని పెద్ద రోడ్ల మీదికి ముగ్గురున్న కార్లనే రానిచ్చేవారు. ముగ్గురి లెక్క సరిపెట్టడానికి డబ్బులు తీసుకుని కార్లలో ఎక్కి కూర్చునేవాళ్లు తయారయ్యారని 2016లో ఆ రూలు ఎత్తేశారు. ఎత్తేశాక ట్రాఫిక్ ఇంకా నెమ్మదించిందని పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు. అంత కఠినమైన రూలు ఇక్కడ పెట్టమని నేను అనడం లేదు.

లాభం లేకుండా ఖర్చు పంచుకునే ప్రయాణం టాక్సీ కిందికి రాదని రవాణా శాఖ ఒక్క జీవో ఇస్తే చాలు. మెట్రో స్టేషన్ల దగ్గర ముగ్గురు దిగే కారుకి ముందుగా పార్కింగ్ ఇవ్వండి. పన్ను మాఫీకి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇవెంత? ఆ జీవో వచ్చిన రోజే దాని కాపీ కారులో పెట్టుకుని, మానేసిన ఆవిడ ఇంటి ముందు హారన్ కొడతాం.

ఒక పాఠకురాలు,
హైదరాబాద్