నీ కెమెరా బాగుపడిందా?

తెనాలి,
14 నవంబరు 2025.

చిరంజీవి కిరణ్‌ను నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమసమాచారం తెలిసి నేటికి పందొమ్మిది రోజులు. ఈ లెక్క నాది కాదు, మీ అమ్మది. వంటింటి క్యాలెండరులో పాల లెక్క పక్కనే నీ ఫోను వచ్చిన రోజుకు పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది; అక్టోబరు 26 తరువాత చుక్క లేదు. సరిగ్గా ఆ రోజే మీ జర్మనీలో గడియారాలను గంట వెనక్కి తిప్పారనీ, మనకూ నీకూ మధ్య మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర గంటలయిందనీ, ఆ గందరగోళంలో నీకు వేళ కుదరడం లేదేమోననీ ఆమెకు సర్దిచెప్పాను. ఆ సర్దుబాటు మొదటి వారానికి సరిపోయింది.

ఈ ఈమెయిలు ఉత్తరం ప్రత్యేకించి ఏదో అడగాలని వ్రాయడం లేదు. ఫోనులో అయితే మీ అమ్మ పక్కనే ఉంటుంది, నీ వెనుక నీ గదిలోని మిత్రులు ఉంటారు, తీరికగా నాలుగు మాటలు చెప్పుకోవడం కుదరదు, అంతే. ఆగస్టులో నీ లాప్‌టాప్ కెమెరా పాడైందని చెప్పావు గదా, బాగు చేయించావా? కొన్నప్పటి బిల్లు బీరువాలో నా పింఛను కాగితాల కిందనే ఉంది, కావాలంటే ఫొటో తీసి పంపుతాను.

కార్తీక పౌర్ణమి నాడు శంకరం బాబాయి వచ్చాడు. ఉసిరికాయ పచ్చడి రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి వడ్డిస్తుండగా, డబ్లిన్‌లో ఉన్న వాళ్ల చిన్ని చెప్పాడంటూ ఒక మాట అన్నాడు. రాత్రి పదకొండు దాటిన తరువాత బ్రౌజరులో తెరుచుకునే ఏదో కెమెరా గదిలో, పదిమంది పరాయివాళ్ల నడుమ, మా కిరణ్ నవ్వుతూ కబుర్లు చెబుతూ కనిపిస్తున్నాడట. ఆ గదిలో చిన్నికి ఏమి పని అని నేను అడగలేదు. అడగవలసింది. మీ అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జర్మను భాష మాట్లాడడం అలవాటు చేసుకోవడానికి అటువంటి గదులు ఉంటాయనీ, నీకు ఆ భాషలో బీ1 అనే మధ్యస్థాయి పరీక్ష ఉందనీ నేనే కల్పించి చెప్పాను. అది నిజమే అయితే నాకు సంతోషం. కాకపోయినా నిన్ను నిలదీయాలని కాదు.

అసలు అది ఎలా ఉంటుందో చూడకుండా మాట్లాడకూడదని, మరునాడు మీ అమ్మ గుడికి వెళ్లినప్పుడు నేనే అటువంటి గది ఒకటి తెరిచాను. పేరు, ఫోను నంబరు ఏదీ అడగలేదు. ఏదో ఒక మారుపేరు ఇమ్మన్నది, ‘ఆపరేటర్’ అని ఇచ్చాను. కెమెరాకు అనుమతి ఇస్తారా అని బ్రౌజరు మూలనుంచి చిన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నలో ఎంత బరువు ఉన్నదో తెలియక, కళ్లజోడు సైతం సర్దుకోకుండా, ‘అనుమతించు’ నొక్కాను. అంతే, బనీనుతో, నుదుట విభూతితో నా ముఖమే నాకు ప్రత్యక్షమయింది. దాని చుట్టూ కిటికీల వలె ఎనిమిది గళ్లు, కొన్నింటిలో మనుషులు, కొన్నింటిలో చీకటి. ఆ చీకటి గళ్లే నన్ను భయపెట్టాయి. ముఖం చూపినవాడు కనీసం ఎదుట ఉన్నాడు. కెమెరా కట్టేసుకుని కూర్చున్నవాడు మనలను చూస్తున్నాడా, రికార్డు చేస్తున్నాడా, నిద్రపోయాడా అన్నది తెలియదు. ఎవరో కుర్రవాడు హిందీలో ‘నమస్తే అంకుల్’ అన్నాడు. నేను కంగారుపడి వేరొక ట్యాబులోకి వెళ్లి పంచాంగం తెరిచాను. పది నిమిషాల తరువాత చూస్తే కెమెరా పక్కన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది! నేను గది దాటి వచ్చాననుకున్నాను గాని, తలుపు తెరిచే ఉంది, ఆ ఎనిమిది గళ్లవాళ్లూ నేను పంచాంగం చదవడం చూస్తూనే ఉన్నారు. ట్యాబు మూసిన తరువాతే దీపం ఆరింది. కాబట్టి ఆ దీపాన్ని చూసి లేవడం అలవాటు చేసుకో.

పక్కింటి లక్ష్మణ కంప్యూటర్ల చదువే గదా, వాడిని కూర్చోబెట్టి అడిగాను. ఇదివరకు ఇటువంటి గదులకు ఫ్లాష్ అనే సరంజామా కావలసి వచ్చేదట. 2020 చివరికి దాని పని అయిపోయింది. ఇప్పుడు బ్రౌజరులోనే వెబ్‌ఆర్‌టీసీ అనే ఏర్పాటు ఉంది, వేరే ఏదీ ఎక్కించుకోనక్కరలేదు. ఇద్దరే ఉన్నప్పుడు బొమ్మా మాటా చాలావరకు ఒక కంప్యూటరు నుంచి నేరుగా రెండో కంప్యూటరుకు పోతాయి, అందువల్ల నీ ఇంటర్నెట్ చిరునామా అవతలివాడికి తెలిసే అవకాశం ఉంది. జనం పెరిగితే మధ్యలో ఒక సర్వరు అందరికీ పంచుతుంది. దారిలో బయటివాళ్లెవరూ వినకుండా మాటలకు తాళం వేసి పంపుతారట. ఆ మాట వినగానే నాకు ఊరట కలిగింది, మరుక్షణమే ఊరట పోయింది. ఎందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. మీ అమ్మకు కూడా తెలియదు, ఉత్తరం చదివి ఆమె ముందు నోరు జారకు.

1984లో నేను ఒక చిన్న ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రాత్రి డ్యూటీలు చేసేవాడిని. అప్పుడు ట్రంకు కాలు, అంటే దూరపు ఊరికి ఫోను, బుక్ చేసి గంటల తరబడి కూర్చునేవారు. ఎదుట బోర్డు, దానికి కన్నాలు, చేతిలో తాడు. ఒక కొన ఇక్కడ గుచ్చి, రెండో కొన అక్కడ గుచ్చి మనుషులను కలిపేవాళ్లం. మూడు నిమిషాలు కాగానే ‘త్రీ మినిట్స్ ఓవర్’ అని చెప్పడం మా పని, లైను బాగున్నదో లేదో చూడడానికి మీట నొక్కి ఒక్క క్షణం వినడమూ మా పనే. ఆ ఊరి బళ్లో ఒక టీచరమ్మ ఉండేది. ప్రతి శనివారం రాత్రి ఆమెకు కాబోయే భర్త దగ్గరనుంచి పేరు పెట్టి పిలిచే పీపీ కాలు వచ్చేది, ఆమె మా ఆఫీసుకే వచ్చి మాట్లాడేది. మొదట్లో నేను ఒక్క క్షణమే విన్నాను. తరువాత ఆ క్షణం నిమిషమైంది, కొన్నాళ్లకు మూడు నిమిషాలూ వినేవాడిని. ఆమె నవ్వు బాగుండేది, అంతకు మించి నా దగ్గర సంజాయిషీ లేదు. ఒక రాత్రి అవతలినుంచి అతను, తన ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదనీ, పెద్దవాళ్లతో అయిందని చెప్పాననీ, పెళ్లిలోగా అయిపోతుందనీ గొంతు తగ్గించి చెప్పాడు. తెల్లవారి టీ కొట్టు దగ్గర నేను ఆ మాటను తోటి ఆపరేటరుకు నవ్వుతూ చెప్పాను. నాలుగు రోజులు తిరగకుండా అది ఆమె తండ్రి చెవిన పడింది, సంబంధం తప్పిపోయింది. ఆ శనివారం కూడా ఆమె వచ్చింది. ఈసారి తనే కాలు బుక్ చేసి, డబ్బులు లెక్కపెట్టి బల్లమీద ఉంచి, ‘మూడు నిమిషాలు కాగానే చెప్పండి. ఇవాళ మీరు వినవలసింది ఏమీ లేదు’ అన్నది. నేను తల ఎత్తలేదు. మూడు నిమిషాలు అయినా చెప్పలేదు, పది నిమిషాలు మాట్లాడనిచ్చి, మిగిలిన డబ్బు నా జేబులోనుంచి వేశాను. దానివల్ల ఎవరికి ఏమి ఒరిగిందని?

అప్పుడు వినేవాడు దారి మధ్యలో ఉండేవాడు. నీ కాలంలో దారికి తాళం వేశారు, వినేవాడు వచ్చి చివరనే కూర్చున్నాడు, నీతో నవ్వుతున్నది అతనే కావచ్చు. అతను తెరను రికార్డు చేసుకుంటే ఏ తాళమూ అడ్డు రాదు, నీకు ఏ గంటా మోగదు. అంతకంటె మాయ, అతను చూపే ముఖం కూడా ముందుగా తీసిపెట్టిన వీడియో కావచ్చునట. దానిని కెమెరా అన్నట్టుగా బ్రౌజరుకు అందించే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందట. నవ్వే అమ్మాయిని చూపి, కుర్రవాడిని వేరే గదిలోకి పిలిచి, చొక్కా విప్పించి, ఆ బొమ్మను బంధువులకు పంపుతామని డబ్బు గుంజడం మన జిల్లాలోనూ వింటున్నాము. ఒమెగల్ పేరు వినే ఉంటావు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు 2009లో పెట్టిన ఆ సైటు, ముక్కూముఖం తెలియని ఇద్దరిని కలపడమే పనిగా పద్నాలుగేళ్లు నడిచి, పిల్లలకు జరిగిన అపచారాల మీద వ్యాజ్యాలు మోసి మోసి 2023 నవంబరులో మూతపడింది. మొట్టమొదటి వెబ్ కెమెరాగా పేరుపడినది 1991లో కేంబ్రిడ్జిలో ఒక కాఫీ పాత్రను చూపించేదని లక్ష్మణ చెప్పాడు, కాఫీ ఉన్నదో అయిపోయిందో మెట్లు దిగకుండా తెలుసుకోవడానికి పెట్టుకున్నారట. కెమెరాకు అంతకంటె మంచి ఉద్యోగం మరల దొరకలేదు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇస్తున్నాను, సహించు. అనుమతి అడిగినప్పుడు ‘ఈసారికి మాత్రమే’ అన్నది నొక్కు. పని కానప్పుడు కెమెరా మీద కాగితం అంటించు, బొట్టుబిళ్ల అయినా చాలు, సుజాత తన ఆఫీసు లాప్‌టాపుకు అదే అంటించింది. నీ వెనుక గోడమీద యూనివర్సిటీ కార్డు, చిరునామా ఉన్న కవరు, కిటికీలోనుంచి ట్రాము స్టాపు బోర్డు కనబడకుండా చూసుకో. ఊరి పేరు, వీధి పేరు నువ్వు చెప్పకపోయినా అవి చెబుతాయి. గది లంకె ఎవరి చేతికి పోయిందో నీకు తెలియదు కాబట్టి, ఎవరు లోపలికి వస్తున్నారో చూసి తలుపు తీసే ఏర్పాటు ఉన్న గదిలోనే కూర్చో. ఎవరైనా బెదిరిస్తే ఒక్క రూపాయి, మీ లెక్కలో ఒక్క సెంటు కూడా పంపవద్దు, పంపినవాడినే మళ్లీ అడుగుతారు. మాటలన్నీ ఫొటో తీసి భద్రపరచు, అక్కడ పోలీసుల నంబరు 110కి చెప్పు, ఇక్కడ సైబరు నేరాల నంబరు 1930కి మేము చెబుతాము. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు బొమ్మను మనదగ్గరే ఉంచి, దాని గుర్తును మాత్రమే తీసుకుని, తనతో చేరిన సామాజిక మాధ్యమాలలో ఆ బొమ్మ వ్యాపించకుండా ఆపడానికి సాయపడుతుందట. అన్నిటికంటె ముందు నాకు చెప్పు. నేను అరవను. మొదటి పది నిమిషాలు అరిచినా, ఆ తరువాత అరవను.

శంకరం బాబాయి మూడోసారి పచ్చడి వడ్డించుకుంటూ నీ సంగతి చెప్పినప్పుడు నాకు ఆ టీ కొట్టు కళ్లముందు ఆడింది. నిన్ను చూసినవాడు చెప్పాడు, విన్నవాడు మోశాడు, నేను వడ్డించాను. అందుచేత చిన్ని మాటను ఆధారం చేసుకుని నిన్ను ఏదీ అడగనని ఆ పూటే అనుకున్నాను. కాని ఒక్కటి అడగకుండా ఈ ఉత్తరం ముగించడం నా వల్ల కావడం లేదు. ఆగస్టు నుంచి మాతో మాట్లాడేటప్పుడు నీ గడి చీకటిగానే ఉంటున్నది. కెమెరా పాడైందన్నావు, నమ్మాము. మీ అమ్మ ఆ చీకటి గడివైపే చూస్తూ, తిన్నావా, చిక్కావా అని అడుగుతుంది. చిన్ని చెప్పినది నిజమైతే ఆ కెమెరా రాత్రిపూట పనిచేస్తున్నది గదా. మా ప్రశ్నలు విసుగు కలిగిస్తాయనీ, నీ ముఖం చూస్తే మీ అమ్మ ఇట్టే కనిపెట్టేది ఏదో ఉన్నదనీ, పరాయివాళ్లయితే కనిపెట్టరనీ అనుకుంటున్నాను. నిజానికి మేము అంత గట్టిగా అడగము. మీ అమ్మ గట్టిగా అడుగుతుంది.

జిట్సీ అనే వీడియో మాటల సైటులో ఒక గది తెరవడం నేర్చుకున్నాను. తెరిచేవారు తమ ఖాతాతో రావాలని 2023 ఆగస్టులో నియమం పెట్టారు, వచ్చేవారికి అక్కరలేదు. ఎల్లుండి ఆదివారం మన రాత్రి ఏడున్నరకు, అంటే నీకు మధ్యాహ్నం మూడింటికి తెరిచి ఉంచుతాను. లంకె వేరే పంపుతాను. కెమెరా ఇంకా బాగుకాకపోతే మాట వినిపించినా చాలు, మా కెమెరా మాత్రం వేసే ఉంచుతాము. నేను ఈసారి చొక్కా తొడుక్కుని కూర్చుంటాను. మరునాడు కార్తీక సోమవారం ఉపవాసం కాబట్టి మీ అమ్మ ఆ రాత్రి త్వరగా పడుకోవాలి, అయినా ఎనిమిదిన్నర దాకా పడుకోనంటున్నది.

ఇట్లు,
నాన్న.

తా.క.: బుల్లెమ్మత్తయ్య అల్లిన ఉన్ని టోపీ, కారప్పొడి, పార్సిలులో వేశాను. అక్కడ చలి మొదలై ఉంటుంది, టోపీ అందితే పెట్టుకునే గదిలోకి రా, జుట్టు దువ్వుకోలేదని ఎవరూ అనరు.