ఫ్రిజ్‌లో మిగిలిన సిరప్ పిల్లలకు పట్టకండి

సంపాదకులకు నమస్కారం. పోయిన నెల మా పాపకు జలుబు చేసి రాత్రి జ్వరం వస్తే, టెన్షన్‌లో ఫ్రిజ్ తలుపులో మిగిలున్న యాంటీబయాటిక్ సిరప్ తీసి మూతలో పోసేశాను, పాప నోటి దాకా తీసుకెళ్లాక గానీ సీసా మీద నేనే రాసుకున్న తేదీ కనపడలేదు. నీళ్లు కలిపిన ఆ మందును రకాన్ని బట్టి 7 నుంచి 14 రోజుల్లోపే వాడాలి, అది 3 నెలల నాటిది. పైగా వాళ్ల అన్నయ్యకు, వాడి బరువు చూసి లెక్కగట్టి రాసిన డోసు! పారబోశాను.

అసలు జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి, యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు. అవసరం లేకుండా పట్టిస్తే విరేచనాలు, దద్దుర్లు రావచ్చు, మందుకు లొంగని క్రిములూ పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు.

అలాగని భయపడి మానేయడమూ తప్పే. బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఈ మందే కాపాడుతుంది, డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాలి. 3 నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వచ్చినా, ఏ వయసు పిల్లలైనా ఆయాసపడుతున్నా, పాలు, నీళ్లు తాగకపోయినా క్షణం ఆగకుండా తీసుకెళ్లండి.

డాక్టర్లకూ ఒక విన్నపం. యాంటీబయాటిక్ అక్కర్లేదన్నప్పుడు ఎందుకో, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో రెండు నిమిషాలు చెప్పండి, మేము వింటాం.

- ఒక తల్లి