జనవరిలో థోరంగ్ లా: మీరు అమ్మిన ప్లాన్ మీద నా ఫిర్యాదు

నమస్తే అండీ,

జనవరి 6న బయల్దేరిన మీ నేపాల్ అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్ బ్యాచ్‌లో మేం నలుగురం ఉన్నాం. నేను, నా భార్య, ఇద్దరు స్నేహితులు. థోరంగ్ లా కనుమ దాటలేకపోయినందుకు కాదు ఈ ఉత్తరం, మంచు ముంచుకొస్తే వెనక్కి తిరగాలని మాకూ తెలుసు. అక్టోబరులో నడిచేవాళ్ళకి రాసిన ప్లాన్‌నే తేదీలు మార్చి, రేటు పావు వంతు తగ్గించి మాకు జనవరిలో అమ్మారు. నా కోపం అక్కడ.

డబ్బు కట్టేముందు నేను మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. అన్‌సీజన్ కదా, పైన లాడ్జీలు తెరిచే ఉంటాయా, మంచు ఎక్కువైతే ఏం చేస్తాం అని స్పష్టంగా అడిగాను. "టెన్షన్ పెట్టుకోకండి సార్, జనం ఉండరు, ఆకాశం క్లియర్‌గా ఉంటుంది, రూములు హాయిగా దొరుకుతాయి" అన్నారు. ఆకాశం మాట నిజమే, మనాంగ్ ఊళ్ళో పొద్దున్నే గంగాపూర్ణ శిఖరం మీద ఎండ పడుతుంటే చూసిన ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. కానీ జనం ఎందుకు ఉండరో మీరు చెప్పలేదు. 3,540 మీటర్ల ఎత్తున్న మనాంగ్‌లోనే చలికాలం చాలామంది ఇళ్ళకి తాళాలేసి కిందికి వెళ్ళిపోతారు, ఇంక ఆ పైన లాడ్జీ ఎవరు నడుపుతారు? మీ ప్లాన్‌లో మాత్రం కనుమకి ముందు చివరి లాడ్జీ అయిన హైక్యాంప్‌లో రాత్రి బస అని రాసి ఉంది. అది డిసెంబరులోనే మూసేశారని మా గైడ్ మనాంగ్ నుంచి ఒక్క ఫోన్ చేసి ఐదు నిమిషాల్లో కనుక్కున్నాడు. ఆ ఫోన్ మమ్మల్ని పంపేముందు మీరెందుకు చేయలేదు?

హైక్యాంప్ లేకపోతే దాని కింద ఉన్న థోరంగ్ ఫేది నుంచి, అంటే సుమారు 4,450 మీటర్ల నుంచి, ఒక్క రోజులో 5,416 మీటర్ల కనుమ ఎక్కి అవతల ముక్తినాథ్ వైపు ఇంచుమించు 1,600 మీటర్లు దిగాలి. దారి బాగున్నప్పుడే అది ఎనిమిది నుంచి పది గంటల నడక. సీజన్‌లో ముందు వెళ్ళినవాళ్ళు మంచు తొక్కి బాట వేసి ఉంచుతారు, జనవరిలో మంచు పడ్డాక బాటంటూ ఏమీ మిగలదు, మోకాలి లోతులో మనమే చేసుకుంటూ పోవాలి, అదీ సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ సగమే అందే చోట. పగటి వెలుగు చూస్తే పదిన్నర గంటలే. ఈ లెక్క మీలో ఎవరైనా కాగితం మీద వేసుకుని ఉంటే మంచు ఆగేదాకా ఎదురు చూడటానికి కనీసం రెండు రోజులైనా అదనంగా పెట్టేవాళ్ళు. మనాంగ్‌లో ఎత్తుకి అలవాటు పడటానికి ఒక రోజు ఇచ్చారు, అది బాగానే ఉంది. ఆ తర్వాత ఖాళీ రోజు ఒక్కటీ లేదు, పైగా పోఖరా నుంచి తిరుగు టికెట్లు ముందే తీసేశారు.

సామాన్ల లిస్టులో మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్ళు) ఊసే లేదు. మనాంగ్‌లో దుకాణాలన్నీ తిరిగితే రెండు జతలు దొరికాయి, మేం నలుగురం. అంతకన్నా ఘోరం ఇన్సూరెన్స్. మీరే తీయించిన పాలసీ అది. రాత్రి లాడ్జీలో కూర్చుని పూర్తిగా చదివితే 4,000 మీటర్లు దాటాక హెలికాప్టర్ రెస్క్యూ వర్తించదని ఉంది. 5,416 మీటర్లు ఎక్కించే ట్రెక్‌కి! నా భార్య ఆ పేజీ చదివాక ఆ రాత్రి నిద్రపోలేదు.

మనాంగ్ దాటాక వచ్చే యాక్ ఖర్కాలో రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. "ఫేది దాకా తీసుకెళ్ళు, అక్కడ చూద్దాం" అని మీ కోఆర్డినేటర్ ఫోన్‌లో అంటుంటే, కుదరదని తెగేసి చెప్పినవాడు మీ గైడే. 2014 అక్టోబరు 12న విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపానే రెండు రోజులు తిరక్కుండా థోరంగ్ లా చుట్టుపక్కల మంచు తుపానుగా విరుచుకుపడి 43 మందిని పొట్టన పెట్టుకుంది. అది నడి సీజన్‌లో, దారి నిండా మనుషులున్న రోజుల్లో జరిగింది. అలాంటి చోట దారీ తెన్నూ లేని జనవరిలో మమ్మల్ని వెనక్కి తిప్పినాయన మా ప్రాణాలు కాపాడాడనే నేను నమ్ముతున్నాను.

దానికి మీరు ఇచ్చిన జవాబేమిటంటే, "కస్టమర్ కోరిక మీద ట్రెక్ ఆపాం, రీఫండ్ లేదు". మేం కోరలేదు. పైగా ఆ గైడ్‌కి రావాల్సిన డబ్బులో కోత పెట్టారని విన్నాను. అది నిజమైతే మాకు చేసినదానికంటే పెద్ద తప్పు.

చలికాలంలో ఎవరూ వెళ్ళకూడదని నేను అనడం లేదు. కనుమ ఖాయం కాదని ముందే చెప్పి, కుదరకపోతే మనాంగ్ నుంచి దిగి 3,210 మీటర్ల పూన్‌హిల్ కొండ వైపు తీసుకెళ్తామని రెండో ప్లాన్ ఇచ్చి ఉంటే, మేం సంతోషంగా అదే రేటు కట్టేవాళ్ళం.

నాకు కావాల్సింది ఇది. మేం నడవని రోజులకి, బస చేయని రాత్రులకి డబ్బు వెనక్కి ఇవ్వండి. గైడ్‌కి పూర్తి జీతం ఇచ్చి ఆ సంగతి నాకు రాతపూర్వకంగా చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పి, తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కాల్ రికార్డింగులు, మీ ప్లాన్, పాలసీ కాపీ అన్నీ నా దగ్గర ఉన్నాయి.

వీటన్నిటికంటే ముందు ఒక పని ఇవాళే చేయండి. ఫిబ్రవరి మొదటి వారం బ్యాచ్‌కి ఇంకా అదే ప్లాన్‌తో, అదే హైక్యాంప్ బసతో డబ్బులు కట్టించుకుంటున్నారు. వాళ్ళకి ఫోన్ చేసి ఆ లాడ్జీ మూసి ఉందని, పాలసీ 4,000 మీటర్ల దగ్గరే ఆగిపోతుందని చెప్పండి.