సౌత్ ప్లాట్ నదిలో నన్ను బయటికి లాగిన పెద్దాయనకు

మొన్న శనివారం మా ఫ్లై ఫిషింగ్ (ఈగలాంటి ఎరతో చేపలు పట్టే) క్లబ్బు వాళ్ళం కొలరాడోలో ఆ నది పారే చీజ్‌మన్ కాన్యన్ అనే లోయకి వెళ్ళాం. డ్యామ్ లోతుల్లోంచి వచ్చే నీళ్ళు కదా, వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. ట్రౌట్ చేపలకు ఆ చల్లదనమే ప్రాణం. అక్కడ పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోనే వదలాలి. ఒకదాన్ని అలా వదులుతుండగా నాచు రాయి మీద కాలు జారింది. వేడర్స్‌లోకి, అంటే నీళ్ళలో దిగేటప్పుడు పాదాల నుంచి ఛాతీదాకా వేసుకునే తడవని తొడుగులోకి, నీళ్ళొచ్చేశాయి. మావాళ్ళంతా మలుపు అవతల ఉన్నారు.

ఒడ్డున వెళ్తున్న మీరు, "వెల్లకిలా తిరుగు, కాళ్ళు నీళ్ళు పోయేవైపు చాపు" అని అరిచారు. చేతికర్ర అందించి లాగారు. వణుకుతుంటే మీ స్వెటర్ తొడిగారు, ఫ్లాస్కులోని టీ తాగించారు. నా నడుముకు బెల్టు లేదని చూసి మీది విప్పి ఇచ్చేశారు. అది బిగుతుగా ఉంటే నీళ్ళు కాళ్ళదాకా అంత తొందరగా దిగవని మీరు చెప్తుంటే మా నాన్నే గుర్తొచ్చారు.

ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేదు, క్షమించండి. ఇప్పుడు మా క్లబ్బులో బెల్టు లేకుండా ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వడం లేదు. మీ స్వెటర్ ఉతికి పెట్టాను. వచ్చే ఆదివారం పొద్దున్నే అదే చోట ఉంటాం. వీలైతే రండి, ఈసారి టీ నేను తెస్తాను. మీకు వెయ్యి దండాలు.