టాంగైల్‌లో దూకింది ఒక్క రెజిమెంటే కాదు

సంపాదకులకు నమస్కారం.

విజయ్ దివస్ రోజు మీ జిల్లా ఎడిషన్‌లో 1971 యుద్ధానికి పోయివచ్చిన మన ఉమ్మడి నల్గొండ సైనికుల గురించి ఒక పేజీ వేశారు. ఆ పేజీని కత్తిరించి దాచుకున్నాను. అయితే అందులో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర పారాచూట్లతో దిగిన దళం గురించి చెబుతూ, అందులో మన జిల్లా వాళ్లెవరూ లేరని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాట మీదే ఈ ఉత్తరం.

మా మేనమామ ఉండేవాడండీ. నకిరేకల్ దగ్గర మా అమ్మమ్మవాళ్ల ఊరు. ఊరందరికీ ఆయన మిలట్రాయన. ఆయన పేరు మీరు వెతికిన జాబితాలో దొరకదు, ఎందుకంటే ఆయన పారాచూట్ రెజిమెంట్ మనిషి కాదు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. పారాచూట్ కట్టుకున్న ప్రతి సైనికుడూ ఆ రెజిమెంట్ వాడే అనుకోవడం వల్ల మన దగ్గర చాలా ఇళ్లలో ఇలాంటి పేర్లు మరుగున పడిపోతున్నాయి.

1971 డిసెంబరు 11 సాయంత్రం పశ్చిమ బెంగాల్‌లోని డమ్‌డమ్, కలైకుండ నుంచి లేచిన విమానాలు పారాచూట్ రెజిమెంట్‌లోని 2 పారా బెటాలియన్ బృందాన్ని టాంగైల్ దగ్గర దింపాయి. లోహజంగ్ నది మీద పూంగ్లీ వంతెనను పట్టుకుని, జమాల్‌పూర్, మైమన్‌సింగ్ వైపు నుంచి ఢాకాకు మళ్లుతున్న పాకిస్తాన్ 93వ బ్రిగేడ్‌కు దారి మూసెయ్యడం వాళ్ల పని. కెప్టెన్ పి.కె. ఘోష్ ముందే లోపలికి పోయి, ముక్తి బాహిని నాయకుడు ఖాదర్ సిద్దిఖీ మనుషులతో కలిసి దిగే చోటు చూసిపెట్టాడు. ఆ రాత్రికే వంతెన చేతికొచ్చింది. మర్నాడు మరాఠా బెటాలియన్ ఒకటి నేల దారిన వచ్చి కలిసింది. ఇదంతా మీరు చక్కగా రాశారు. కానీ ‘బృందం’ అన్నప్పుడు అందులో ఎవరెవరున్నారో కూడా రాయాల్సింది. 17 పారా ఫీల్డ్ రెజిమెంట్ నుంచి ఒక బ్యాటరీ, అంటే ఫిరంగుల జట్టు, దూకింది. బాంబే శాపర్స్ నుంచి ఇంజనీర్లు దూకారు. సిగ్నల్ వాళ్లు దూకారు. దెబ్బలు తగిలిన వాళ్లను చూసుకునే వైద్య బృందం కూడా వాళ్లతోపాటే దూకింది. 2 పారా అసలు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ నుంచి వచ్చింది కాబట్టి, అందులో తెలుగు పేర్ల కోసం వెతికే కంటే ఈ మిగతా విభాగాల్లో వెతకడం మేలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. నన్ను నర్సింగ్‌లో చేర్పించింది మా మామే. సెలవులకు వచ్చినప్పుడు పాత పంచెలను నిలువునా చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, కట్లు కట్టే గుడ్డను గట్టిగా చుట్టలు చుట్టేవాడు. చుట్ట వదులైతే విప్పి మళ్లీ చుట్టమనేవాడు. చీకట్లో ఒక్క చేత్తో విప్పాల్సి వస్తే చుట్ట చెయ్యి జారి మట్టిలో పడిపోతుందట. ఇంత మాట ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో అప్పుడు అడగాలని తోచలేదు.

ఆయన పోయాక మా అత్త ట్రంకు పెట్టె తీసింది. డిశ్చార్జి బుక్కు సగం చెదలు తినేసింది గానీ, ఆర్మీ నంబరూ, యూనిట్ పేరూ ఉన్న పేజీ నిలిచింది: 60 పారా ఫీల్డ్ అంబులెన్స్. ఇది బండి పేరు కాదు, యుద్ధరంగంలో వైద్యం చేసే దళం. మామూలు యూనిట్ కూడా కాదు. కొరియా యుద్ధానికి మన దేశం పంపింది దీన్నే. అప్పుడు దానికి కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్. 1941లో మన వాళ్లలో మొట్టమొదట పారాచూట్‌తో దూకినవాళ్లలో ఆ డాక్టరు ఒకరు. కొరియాలో 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర అమెరికన్ సైనికులతో పాటు ఆయన, ఆయన సిబ్బంది కొందరు దూకారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. వైద్య బృందం విమానంలోంచి దూకడమేమిటని మా ఇంట్లోనే కొందరు నమ్మలేదు. వాళ్ల కోసం కూడా ఈ సంగతి రాస్తున్నాను.

పెట్టెలో ఒక ఫొటో కూడా ఉంది. నలుపు తెలుపు ఫొటో కాబట్టి టోపీ పారా దళాల వాళ్లు పెట్టుకునే మెరూన్ రంగుదో కాదో తెలియదు. కానీ భూతద్దం పెట్టి చూస్తే బ్యాడ్జీలో కర్రకు చుట్టుకున్న పాము కనిపిస్తుంది. అది మెడికల్ కోర్ గుర్తు. చొక్కా మీద పారాచూట్ రెక్కలున్నాయి. పాము గుర్తూ రెక్కలూ ఒకే మనిషి మీద ఉన్నాయంటే ఆయన పారా శిక్షణ పొందిన వైద్య సిబ్బంది అన్నట్టే. మీ ఇళ్లలో ఫొటోలుంటే మనిషి మొహం కంటే ముందు టోపీ బ్యాడ్జీ చూడండి. పతకాలుంటే అంచు మీద చెక్కిన నంబరూ పేరూ చూడండి. దయచేసి పండగలకు ఇత్తడి సామానుతో కలిపి చింతపండు, పీచు పెట్టి తోమకండి. అంచు మీద అక్షరాలు అరిగిపోతే మళ్లీ రావు.

నంబరు దొరికాక రాయాల్సింది ఆ విభాగం రికార్డ్ ఆఫీసుకే. పారాచూట్ రెజిమెంట్‌కు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, బాంబే శాపర్స్‌కు పుణె దగ్గర ఖడ్కీ, మెడికల్ కోర్‌కు లక్నో. నేను లక్నోకు రాశాను. మామకు పెన్షన్ లేదు. పెన్షన్ లేని వాళ్ల సర్వీసు కాగితాలను ఇరవై అయిదేళ్ల తర్వాత తీసేయడం సైన్యంలో నిబంధన. సైనికుల వివరాలు క్లుప్తంగా రాసి ఉండే లాంగ్ రోల్ అనే పుస్తకం మాత్రం ఎప్పటికీ ఉంచుతారు. అందులోని వివరాలు వచ్చాయి: సికింద్రాబాద్‌లో భర్తీ, ట్రేడు (చేసిన పని), పూర్వీ స్టార్ పతకం, డిశ్చార్జి తేదీ. అన్నీ కలిపి రెండు లైన్లు. ‘కాగితాలు లేవు’ అన్న జవాబు వస్తే నిరుత్సాహపడకుండా లాంగ్ రోల్ అని పేరు పెట్టి అడగండి.

అయితే పూర్వీ స్టార్ ఉన్నంత మాత్రాన టాంగైల్‌లో దూకినట్టు కాదు. తూర్పు సరిహద్దులో పనిచేసిన వాళ్లందరికీ అది వచ్చింది. ఇక్కడ నేను చాలా కాలం ఆగిపోయాను. ఆధారం చివరికి మా అమ్మమ్మ దేవుని గూట్లో, పాత పంచాంగాల మధ్య దొరికింది. ‘99 ఏపీఓ’ అనే సైనిక తపాలా చిరునామాతో 1972 జనవరిలో మామ రాసిన ఇన్‌లాండ్ లెటర్. ఊరి పేరు రాయలేదు, రాయకూడదు కదా. సాయంత్రం పూట విమానంలోంచి దూకితే చెరువులో పడ్డాననీ, ఆ ఊరి వాళ్లు నడుముకు లుంగీలు బిగించి నీళ్లలోకి దిగి తనను, మందుల మూటను బయటికి లాగారనీ, వాళ్ల భాష రాకపోయినా అన్నం పెట్టారనీ రాశాడు. ఆ యుద్ధంలో మన వాళ్లు బెటాలియన్‌గా పారాచూట్లతో దూకింది టాంగైల్‌లోనే. ఇక నాకు అనుమానం లేదు.

మీరు వేసిన ఫొటో గురించి కూడా చెప్పాలి. ఆకాశం నిండా పారాచూట్లున్న ఆ బొమ్మ చాలా పేరున్నదే, కానీ అది టాంగైల్‌ది కాదు. అంతకు ముందు ఆగ్రాలో జరిగిన విన్యాసాల్లో తీసింది. సైన్యం ప్రచార విభాగం దాన్ని అప్పట్లో పత్రికలకు ఇచ్చింది. అయిదు వేల మంది దిగారని విదేశాల్లో వార్తలొచ్చాయి. దిగింది ఏడు వందల పైచిలుకు. ఢాకాలో ఉన్న పాకిస్తాన్ జనరల్స్ మీద ఆ వార్తల ప్రభావం బాగానే పడిందంటారు. ఈసారి ఆ ఫొటో వేస్తే కింద ఆగ్రా అని వేయండి. పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటారు.

ఆ యుద్ధంలో కుర్రాళ్లుగా ఉన్నవాళ్లు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. ఫిరంగులు మోసినవాళ్లు, తీగలు లాగినవాళ్లు, కట్లు కట్టినవాళ్లు. ‘నువ్వు ఏ విభాగంలో ఉన్నావు, ఏం పని చేశావు’ అని ఒక్కసారి ఎవరైనా కూర్చుని అడిగితే చెబుతారు. వచ్చే డిసెంబరు దాకా ఆగకుండా మీ విలేకరులను పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు కూడా మాజీ సైనికుల విభాగం, యూనిట్, చేసిన పని రాసి ఒక రిజిస్టరు పెడితే బాగుంటుంది.

రికార్డ్ ఆఫీసుకు అర్జీ ఎలా రాయాలో తెలియక ఆగిపోయిన కుటుంబాలుంటే నా చిరునామా మీ దగ్గర ఉంది, అడిగిన వాళ్లకు ఇవ్వండి. అర్జీ నేను రాసిపెడతాను. డిశ్చార్జి బుక్కు జిరాక్సు, చుట్టరికం రుజువు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
విశ్రాంత హెడ్ నర్సు,
నకిరేకల్, నల్గొండ జిల్లా