టీ బ్యాచ్‌కి, బేకరీ అన్నకి

నేను సిగరెట్ మానేసి నిన్నటికి ఏడాది నిండింది. ఇది మీ లెక్క. ఇన్సూరెన్స్ ఫారం లెక్క వేరే ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి రాయట్లేదు. కడపోడు, విజయవాడ అన్న, హిందూపురం మచ్చా అంటే ఎవరికి తెలియాలో వాళ్లకి తెలుస్తుంది.

పదిహేడేళ్లు తాగాను. అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో ఏడాది హాస్టల్ మేడ మీద మొదలైంది. బెంగళూరు వచ్చి మారతహళ్లి పీజీలో చేరాక రోజుకి పది అయ్యాయి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రాత్రుల్లో లెక్కే లేదు. మానేద్దామని ఉగాదికోసారి, పుట్టినరోజుకోసారి అనుకునేవాణ్ణి. అనుకున్న సాయంత్రమే ఆ టెన్షన్‌కి ఇంకో రెండు ఎక్కువ తాగేవాణ్ణి.

నిరుడు కడపోడు నా చేత టర్మ్ ఇన్సూరెన్స్ తీయించాలని పట్టు పట్టాడు. ఇల్లు కొన్నావు, లోన్ ఇంకా పద్దెనిమిదేళ్లు ఉంది, రేపు నీకేమన్నా అయితే ఈఎంఐ ఎవరు కట్టాల అని రోజూ ఒకటే పోరు. సరేనని కూర్చున్నాం. పొగాకు వాడతారా అన్న ప్రశ్న దగ్గర నేను 'లేదు' నొక్కబోతే మౌస్ మీదున్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"టెస్టులో కోటినిన్ బయటపడతాది రా. నికోటిన్ ఒంట్లో కరిగి అదే అయ్యేది, ఉచ్చలో కొన్ని రోజులుంటాది. ఒకవేళ ఇప్పుడు దొరక్కపోయినా రేపు క్లెయిమ్ కాడ దొరికిందనుకో, వదిన ఆఫీసుల చుట్టూ తిరగాల. అది నీకు ఇష్టమేనా?"

'అవును' నొక్కాను. ప్రీమియం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. పన్నెండు నెలలు మానేసి రా, అప్పుడు ధైర్యంగా 'లేదు' నొక్కుదువు అని ల్యాప్‌టాప్ మూసేశాడు. పెట్టె మీద బొమ్మ చూసి మానినవాణ్ణి కాదు, ఇంట్లో వాళ్లు బతిమాలితే మానినవాణ్ణీ కాదు. ప్రీమియం చూసి మానడం మొదలెట్టాను. చెప్పుకోడానికి సిగ్గే, కానీ జరిగింది అది.

మొదటి మూడు రోజులు మందూ మాకూ లేకుండా మొండిగా ఉన్నాను. ఆ మూడు రోజులే అన్నిటికన్నా కష్టమని తర్వాత తెలిసింది. నిద్ర లేదు, కడుపు కదల్లేదు, స్టాండప్ మీటింగ్‌లో ఒక కొత్త అమ్మాయి మీద అనవసరంగా అరిచాను (ఆ అమ్మాయికి అప్పుడే సారీ చెప్పాను, ఇక్కడ మళ్లీ చెప్తున్నాను). చేతులు వణుకుతుంటే ఇదంతా సిగరెట్ లేకే అనుకుని ఇంకో ఫిల్టర్ కాఫీ తాగేవాణ్ణి. అసలు తిరకాసు ఆ కాఫీలోనే ఉందట. పొగ తాగేవాడి లివర్ కెఫీన్‌ని త్వరగా బయటికి పంపేస్తుంది. పొగ ఆపగానే ఆ వేగం తగ్గి, రోజూ తాగే అదే కాఫీ ఎక్కువ పని చేస్తుంది. డాక్టర్ చెప్పాక ఐదు కప్పుల్ని రెండు చేశాను. రెండ్రోజుల్లో వణుకు తగ్గింది.

ఆ డాక్టర్ దగ్గరికి నన్ను పంపింది విజయవాడ అన్న. దానికి ముందు క్విట్‌లైన్‌కి, అంటే పొగాకు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించిందీ ఆయనే. 1800-11-2356. ఈ నంబరు 2018 నుంచి ప్రతి పెట్టె మీదా ఉంది. నేను ఎప్పుడూ విడిగా ఒకటీ రెండూ కొనేవాణ్ణి, పెట్టె మీద ఏం రాసుందో నాకేం తెలుసు? కర్ణాటకలో విడి సిగరెట్లు అమ్మకూడదని 2017లోనే ఆదేశం ఇచ్చారు, కానీ మా వీధిలో ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. అన్న స్పీకర్ పెట్టి తనే డయల్ చేసి ఫోన్ నా చేతికిచ్చాడు. అవతలావిడ తెలుగులోనే మాట్లాడింది. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకి మొదటిది వెలిగిస్తారు అని అడిగింది. పది నిమిషాలు అన్నాను. నిజానికి ఐదు. అన్న నా వంక చూశాడు. ఐదు అని దిద్దుకున్నాను. తాగాలనిపించినప్పుడు ఓ పది నిమిషాలు ఎలాగోలా గడిపేయండి, నీళ్లు తాగండి, లేచి నడవండి, ఆ అల దానంతటదే దిగిపోతుంది అని చెప్పింది. తర్వాత వాళ్లే గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు. ఆవిడెవరో తెలియదు, ఆవిడక్కూడా నా నమస్కారం.

డాక్టర్ నికోటిన్ గమ్ రాశారు. దాన్ని నేను చిన్నప్పటి బబుల్‌గమ్‌లా నమిలేశాను. గొంతు మంట, ఆగని ఎక్కిళ్లు. ఇది పనికిరాదని పారేయబోతే కడపోడు పెట్టెలోని కాగితం విప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ చీమతలకాయంత అక్షరాలు మొత్తం చదివాడు. మెల్లగా నమలాలట, నోరు కారంగా అనిపించగానే ఆపి దవడకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలట, ఆ కారం పోయాక మళ్లీ నమలాలట. ఇంకో మాట కూడా ఉంది. టీ, కాఫీ తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు, వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. నేనేమో టీ తాగిన మరుక్షణం వేసుకుంటున్నా! ఆ రోజు నుంచి, నా గమ్‌కి అడ్డు రాకుండా, నాలుగు గంటల టీ మొత్తం బ్యాచ్‌కి నాలుగున్నర అయింది. ఏడేళ్ల నుంచి మారని టైమ్ అది. ఒక్కడి కోసం మార్చారు, ఎవరూ గొణగలేదు.

ఇక బేకరీ అన్న. కుందనహళ్లి సందులో మా ఆఫీసు వెనక హాసన్ ఊరాయన బేకరీ. గల్లా పక్కన దారానికి కట్టిన లైటర్ వేలాడుతుంటుంది, ఆ దారం నా చేతిలోనే సగం అరిగి ఉంటుంది. తొమ్మిదో రోజు, మీరెవరూ లేనప్పుడు, దొంగలా ఒక్కణ్ణే వెళ్లి ఇరవై నోటు పెట్టాను. నోటు వెనక్కి నెట్టాడు. "నిమ్ ఫ్రెండ్స్ హేళిద్దారె సార్, కొడబారదు అంత." ఇవ్వొద్దని మీరు ముందే చెప్పి ఉంచారన్న మాట. మండిపోయింది. నా డబ్బు, నా ఊపిరితిత్తులు, మధ్యలో మీరెవరు అని అక్కడే నిలబడి తెలుగులో తిట్టాను. ఆయన విని విని, దిల్‌పసంద్ ముక్క ఒకటి కాగితంలో పెట్టి చేతికిచ్చాడు. కొబ్బరీ టూటీఫ్రూటీ నోట్లో ఉంటే ఎంతసేపు తిడతాం? డబ్బులు తీసుకోలేదు. నోరు ఖాళీగా ఉండకూడదని ఆ తర్వాత రోజుకొకటి తిన్నాను, నాలుగు కిలోలు పెరిగాను. ఆ నాలుగు కిలోలూ కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

ఇరవై మూడో రోజు రాత్రి రెండింటికి ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, పడిపోయింది. అది లేచేసరికి నాలుగయింది. బండేసుకుని రింగ్ రోడ్డు మీదికి వెళ్లి, సైకిల్ మీద ఫ్లాస్కుతో టీ అమ్మే కుర్రాడి దగ్గర ఒకటి కొని కాల్చాను. తల తిరిగింది. రుచి కూడా లేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుని విజయవాడ అన్నకి ఫోన్ చేశాను, ఇంక నావల్ల కాదు, అంతా పోయింది అని. అన్న నిద్రగొంతుతోనే, "ఇరవై మూడు రోజుల్లో ఎన్ని తాగావురా?" అన్నాడు. ఒకటి. "పాత లెక్కన ఎన్ని తాగేవాడివి?" రెండొందల ముప్పై. "మరి రెండొందల ఇరవై తొమ్మిది మానినోడివి ఏం పోయిందని ఏడుస్తున్నావు? ఇంటికెళ్లి పడుకో." ఫోన్ పెట్టేశాడు. పొద్దున గ్రూపులో, నేను మానిన రోజుల లెక్క రోజూ పెట్టినట్టే, 24 అని మామూలుగానే నంబరు పెట్టాడు. సున్నా పెడతాడని రాత్రంతా భయపడ్డాను.

హిందూపురం మచ్చాని చివరికి ఉంచాను. వీడు సిగరెట్ మానలేదు. ఇప్పటికీ తాగుతాడు. కానీ ఆ మొదటి మూడు నెలలూ నా ముందు ఒక్కటి వెలిగించలేదు. టీకి ముందే ట్రాన్స్‌ఫార్మర్ అవతలికి వెళ్లి, తాగేసి, నోట్లో సోంపు వేసుకుని, వాసన తగలకుండా నాకు ఎదురుగా కాకుండా బల్ల చివర కూర్చునేవాడు. ఎండల్లో, ఆ బెంగళూరు వానల్లో కూడా. నాకు ఇది చాలా రోజుల దాకా తెలియదు. వీడేంటి ఈ మధ్య దూరంగా ఉంటున్నాడు, ఏమైనా కోపమా అనుకున్నాను. బేకరీ అన్న చెప్తే తెలిసింది. మచ్చా, నువ్వు మానతావా లేదా అని నేను అడగను. ఎప్పుడైనా అడగాలనిపిస్తే నువ్వే అడుగు. టీ టైమ్ మళ్లీ మారుద్దాం.

గమ్ మూడు నెలల్లో తగ్గించుకుంటూ మానేశాను. ఇప్పుడు ఒంట్లో కోటినిన్ లేదు. నిన్న కడపోడు ల్యాప్‌టాప్ తీసి, ఏడాదైంది కదా, దా, నొక్కు అన్నాడు. ఫారంలో గత పన్నెండు నెలల్లో అని ఉంది. రింగ్ రోడ్డు మీద ఆ ఒక్కటి ఇరవై మూడో రోజున తాగాను కదా. కాబట్టి ఫారం లెక్కకి ఇంకా 22 రోజులు ఉంది. "ఒక్కటే కదరా" అని వాడు అంటాడేమో చూశాను. అనలేదు. క్యాలెండర్‌లో తేదీ పెట్టుకుని ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఆ రోజు నాలుగున్నరకి బేకరీ దగ్గరికి అందరూ రండి. దిల్‌పసంద్ నా లెక్కలో.